ఐప్యాడా, గెలాక్సీనా, ఫైరా? మా ఇంట్లో లెక్క వేరే

టాబ్ కొనాలంటే ఎవరిని అడిగినా ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, బ్యాటరీ ఎన్ని గంటలు అనే చెప్తారు. అవన్నీ కరెక్టే, కాదనను. కానీ బయట దేశంలో పిల్లల్ని పెంచేవాళ్లకి ఇంకో లెక్క ఉంటుంది, అది ఏ రివ్యూలోనూ దొరకదు. ఇంగ్లీషు కోసం ఆ టాబ్‌లో ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, ఆన్ చేస్తే అదే వస్తుంది. తెలుగు రావాలంటే ఎన్నిసార్లు నొక్కాలి, అది పిల్ల తనంతట తను చేసుకోగలదా, లేక ప్రతిసారీ నేను వంట మధ్యలో వదిలేసి వచ్చి సెట్టింగుల్లోకి వెళ్లాలా, నేను చూసేది అది. పైగా తెలుగు వీడియో ఏ టాబ్‌లో అయినా ఆడుతుంది, దానికి పోలిక అక్కర్లేదు. మా పిల్లలిద్దరికీ వినడం బాగానే వచ్చు, మనం ఏం అడిగినా అర్థమవుతుంది, జవాబు మాత్రం టక్కున ఇంగ్లీషులో. కాబట్టి వాళ్ల నోట్లోంచి, చేతిలోంచి తెలుగు బయటికి రావడానికి ఏది పనికొస్తుందా అని చూసే యాపిల్ ఐప్యాడ్, శాంసంగ్ గెలాక్సీ, అమెజాన్ ఫైర్, ఈ మూడింటినీ పోల్చుకున్నా.

ముందు కీబోర్డు సంగతి. గెలాక్సీలో నడిచేది ఆండ్రాయిడ్, దానికి గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డు ఉంటుంది కదా, అందులో తెలుగు పెట్టుకుంటే మూడు దారులు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి ఒకటి, అసలు తెలుగు అక్షరాల కీబోర్డు ఒకటి, స్క్రీన్ మీద రాస్తే టైపుగా మారేది ఇంకోటి. మొదటిది మనకి హాయిగా ఉంటుంది, నేనూ అదే వాడతా, కానీ పిల్లలకి మాత్రం పెట్టకండి అంటాను. ఎందుకంటే వాళ్లు ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టి కింద వచ్చిన తెలుగు బొమ్మని నొక్కేసి పోతారు, గుణింతం అనేది ఒకటుందని కూడా తెలీదు. రాసే పద్ధతి పెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది తేడా. మా పెద్దది తాతయ్యకి మెసేజ్ పెడుతూ యకి వత్తు ఇవ్వడం మర్చిపోయింది, పైన వచ్చిన పదాల్లో "తాతయ" అని కనబడింది, ఒక్క క్షణం దాన్నే చూసి "అమ్మా, ఇది తాతయ్య కాదు" అని తనే చెరిపేసి, నాలుక బయటపెట్టి, వత్తుని బాగా కిందకి లాగి మళ్లీ రాసింది. నేను పక్కన కూర్చుని పది కాపీలు రాయించినా రాని శ్రద్ధ అది, కంప్యూటర్ తన రాతని ఒప్పుకోవాలనే పంతం అన్నమాట.

ఇక్కడే గెలాక్సీ ట్యాబ్ ఎస్ రకాలకి మార్కులు పడతాయి, ఎందుకంటే రాసే పెన్ను, ఎస్ పెన్, డబ్బాలోనే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు, రాయడానికి దానికి ఛార్జింగ్ కూడా అక్కర్లేదు. వేలితో రాస్తే అక్షరాలు ఇంతింత లావుగా వస్తాయి, ళ, ణ లాంటివి మెలిక తిరిగేలోపే స్క్రీన్ అయిపోతుంది. మామూలు రబ్బరు మూతి పెన్నులతో ఇంకో బాధ, చెయ్యి స్క్రీన్‌కి ఆనితే అక్కడా గీత పడుతుంది, దాంతో పిల్లలు మణికట్టు గాల్లో పెట్టి రాయడం అలవాటు చేసుకుంటారు, ఆ రాత చూడలేం. ఐప్యాడ్‌కి యాపిల్ పెన్సిల్ చాలా బాగుంటుంది, బొమ్మలేసే పిల్లలకైతే నేను కళ్లు మూసుకుని అదే చెప్తా, కాకపోతే విడిగా కొనాలి, ఏ ఐప్యాడ్‌కి ఏ పెన్సిల్ పనిచేస్తుందో చూసుకుని మరీ కొనాలి. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కి గట్టిగా ఒత్తితే గీత లావవడం అనేది లేదు. రాసింది టైపుగా మార్చే స్క్రిబుల్ అని ఐప్యాడ్‌లో ఉంది గానీ, 2020లో వచ్చినప్పుడు ఇంగ్లీషు, చైనీస్‌కే వచ్చింది, తర్వాతేడు కొన్ని యూరప్ భాషలు కలిశాయి, వాటిలో తెలుగు లేదు.

అలా అని ఐప్యాడ్‌లో తెలుగు లేదని కాదు. టైప్ చేసేవాళ్లకి 2024లో ఐఫోన్, ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్లయిన ఐఓఎస్ 18, ఐప్యాడ్ ఓఎస్ 18తో అక్షరమాల వరసలో ఉండే లేఅవుట్లు మన భాషలకి ఇచ్చారు, అఆఇఈ వరస వచ్చిన పిల్లలకి అది బాగానే ఉంటుంది. (మర్చిపోయారా, 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే అక్షరాన్ని ఒక రకంగా టైప్ చేసి పంపితే ఐఫోన్లూ ఐప్యాడ్లూ దాన్ని చూపించలేక యాప్‌లు మూసుకుపోయేవి, 11.2.6 అప్డేట్‌తో సరిచేశారు. మన అక్షరానికి అంత బలముందని అప్పుడే ప్రపంచానికి తెలిసింది.)

చదవడం దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. మనకి పిల్లల తెలుగు పుస్తకాలు ఎక్కువగా దొరికేది స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. 2016లో అమెజాన్ వాళ్ల ఈ-బుక్కుల కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టారు, ఆ ఐదింట్లో మనం లేం, ఆ కోపం నాకింకా పోలేదు. ఇక స్కాన్ పేజీ అంటే అక్షరం సైజు పెంచుకోలేం, పేజీ మొత్తాన్ని లాగి పెద్దది చేసుకోవాల్సిందే. ఐప్యాడ్ స్క్రీన్ కాస్త పలకలాగా, 4:3కి దగ్గరగా ఉంటుంది కాబట్టి నిలువు పేజీ నిండుగా కూర్చుంటుంది. గెలాక్సీ ట్యాబ్‌లు ఎక్కువ 16:10, అంటే ఇంకా పొడుగ్గా, వీడియోలకి బ్రహ్మాండంగా ఉంటాయి, పుస్తకం నిలువుగా పెడితే మాత్రం పైనా కిందా జాగా వదిలేసి అక్షరాలు సన్నగా వస్తాయి. ఎనిమిది అంగుళాల టాబ్‌లో అయితే వత్తులు కనబడక చిన్నోడు ఊహించి చదివేస్తున్నాడు. చదవడం కోసమే అయితే పది అంగుళాలకి తక్కువ వద్దు, ఏ కంపెనీదైనా సరే. పైకి చదివితే విని తప్పు చెప్పే రీడ్ అలాంగ్ అని గూగుల్ వాళ్లది ఒకటుంది, తెలుగు కూడా ఉంది, అది ముందు ఆండ్రాయిడ్‌కే వచ్చింది.

ఫైర్ టాబ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పిల్లల ఎడిషన్‌కి మందపాటి కవరు, రెండేళ్లలో పగలగొడితే మార్చి ఇచ్చే గ్యారంటీ ఉన్నాయి, మూడేళ్ల పిల్లాడికి అదే మంచిది. లోపల ఆండ్రాయిడే గానీ గూగుల్ ప్లే స్టోర్ ఉండదు, కాబట్టి జీబోర్డు, రీడ్ అలాంగ్ లాంటివి మామూలు దారిలో రావు. ఏవో ఫైళ్లు దింపుకుని ప్లే స్టోర్ ఎక్కించేవాళ్లున్నారు, ఓపికుంటే చేసుకోండి, నాకు లేదు.

వీడియో కాల్స్‌కి మాత్రం ఒక చిన్న విషయం చూసుకోవాలి, ముందు కెమెరా ఏ అంచున ఉందో. మా పాత టాబ్‌కి పొట్టి అంచున ఉండేది, అడ్డంగా నిలబెడితే కెమెరా పక్కకి పోతుంది, పిల్లలు స్క్రీన్ మధ్యలో అమ్మమ్మని చూస్తుంటే అమ్మమ్మకి మాత్రం వీళ్లు గోడకేసి చూస్తున్నట్టుండేది, "ఎటు చూస్తున్నావురా, టీవీ పెట్టారా అక్కడ?" అని ప్రతిసారీ అదే మాట. మామూలు ఐప్యాడ్‌లో 2022 మోడల్ నుంచి కెమెరా పొడుగు అంచుకి మార్చారు, గెలాక్సీ ఎస్ ట్యాబ్‌ల్లోనూ అక్కడే. మనిషి కదిలితే ఫ్రేము వెనకాలే తిరిగే సెంటర్ స్టేజ్ ఐప్యాడ్లలో ఉంది, ఒక్కచోట కూర్చోలేని పిల్లలున్న ఇంట్లో అది చాలా పెద్ద సాయం. వాట్సాప్ ఆండ్రాయిడ్ టాబ్‌లకి 2023లో, ఐప్యాడ్‌కి 2025 మేలో వచ్చింది. ఐతే టాబ్‌లో మన నంబరే లింక్ చేస్తే మన గ్రూపుల మెసేజీలన్నీ అందులోకి వచ్చేస్తాయి, ఆడపడుచు గురించి చెల్లెలితో అన్నవి కూడా, అది గుర్తుపెట్టుకోండి.

అప్డేట్లలో ఐప్యాడ్‌కి పాత పేరుంది, 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2కి 2021లో ఐప్యాడ్ ఓఎస్ 15 కూడా ఇచ్చారు, అంటే అక్కది తమ్ముడికి ఇచ్చినా పనిచేస్తుంది. శాంసంగ్ కూడా 2024లో ట్యాబ్ ఎస్10 రకాలకి 7 ఏళ్లు ఇస్తామంది. కానీ నన్ను గెలాక్సీ వైపు లాగింది వేరే, అందులో ఇంట్లో ఒక్కొక్కళ్లకి ఒక్కో యూజర్ పెట్టుకోవచ్చు, ఐప్యాడ్‌లో ఇంటి వాడకానికి ఆ వీలు లేదు. మా అత్తయ్య వచ్చినప్పుడు ఆవిడకో యూజర్ పెట్టి మొత్తం భాష తెలుగు చేసి, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాం. ఆవిడ వెళ్లాక కూడా అది తీసెయ్యలేదు. చిన్నోడు అప్పుడప్పుడు అందులోకి దూరుతుంటాడు, "సెట్టింగ్‌లు" అని మెల్లగా కూడబలుక్కుని చదువుతాడు, ఎందుకంటే నాయనమ్మ యూజర్‌కి టైమ్ లిమిట్ లేదు.

లిమిట్ సంగతి వచ్చింది కాబట్టి, ఐప్యాడ్‌లో స్క్రీన్ టైమ్, ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్, రెండింట్లోనూ కొన్ని యాప్‌లని ఎప్పుడైనా వాడుకోనివ్వొచ్చు. నేను కాల్స్ అలా వదిలేశా, అమ్మమ్మతో మాట్లాడుతుంటే మధ్యలో తెగకూడదు కదా అని. ఇద్దరూ నాలుగు రోజుల్లో కనిపెట్టేశారు. ఇప్పుడు టైమ్ అయిపోగానే అమ్మమ్మకి వీడియో కాల్ చేసి, తాతయ్య ఫోన్‌లో కార్టూన్ పెట్టించి, అది అమ్మమ్మ ఫోన్ కెమెరా ముందు పట్టుకోమంటున్నారు. "ఇంకొంచెం పైకి అమ్మమ్మా, సౌండ్ పెంచు తాతయ్యా" అని అంతా తెలుగులోనే. మా అమ్మని పట్టుకోవద్దమ్మా అంటే వినదు.