వెలుగు తగ్గడమే జవాబైన పరీక్ష

బతికున్న కణాన్ని చెదరగొట్టకుండానే మందు ప్రభావాన్ని చూపించే మెరిసే ప్రోటీన్లంటే నాకు ఎంతో మక్కువ. 1962లో ఒసాము షిమోమురా ఒక జెల్లీఫిష్ నుంచి వేరుచేసిన ఆకుపచ్చ ప్రోటీన్‌ను, 1994లో మార్టిన్ చాల్ఫీ బృందం బ్యాక్టీరియాలోనూ ఒక చిన్న పురుగులోనూ వెలిగించి చూపింది.

దీని ఉపయోగాల్లో నా మనసుకు దగ్గరైనది కణపొరలో క్లోరైడ్ దాటిపోయే దారి అయిన సీఎఫ్‌టీఆర్‌కు సంబంధించినది. ఊపిరితిత్తుల్లో చిక్కని జిగురు పేరుకునే వంశపారంపర్య జబ్బు అయిన సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో ఈ దారి సరిగా పనిచేయదు. కలరాలో అదే దారి అతిగా తెరుచుకోవడం వల్ల ఒంట్లోని నీరు విపరీతంగా పేగుల్లోకి పోతుంది. అయొడైడ్ కూడా క్లోరైడ్‌లాగే ఈ దారిగుండా కణంలోకి పోగలదు. ఆ ఆకుపచ్చ ప్రోటీన్‌నే అయొడైడ్ తగిలితే మసకబారేలా మార్చి చేసిన పసుపు ప్రోటీన్‌ను కణాల్లో పెట్టి, ప్లేటులోని గుంటల్లో అయొడైడ్ ద్రావణం పోస్తే, దారి తెరిచి ఉన్నచోట వెలుగు కొద్ది సెకన్లలోనే పడిపోతుంది, మూసి ఉన్నచోట నిలిచి ఉంటుంది. తెరమీద ఆ గీత కిందికి జారడం మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆనందం నాకింకా గుర్తుంది. శాస్త్రవేత్త అలన్ వెర్క్‌మన్ బృందం ఈ పద్ధతిలోనే 50,000 రసాయనాలను వడపోసి, ఈ దారిని మూసే ఒక పదార్థాన్ని 2002లో వెల్లడించింది.

అయితే కొన్ని రసాయనాలు తామే మెరుస్తాయి, మరికొన్ని తమ రంగుతో వెలుగును మింగేస్తాయి. అందుకే ఇక్కడ నెగ్గిన ప్రతి పదార్థాన్నీ, వెలుగుతో పనిలేకుండా కణాల పొర గుండా పారే విద్యుత్తును కొలిచి మళ్లీ పరీక్షించాలి.