బూరె తిన్న కిస్‌మిస్

మా బూరె వీధికుక్కే. నాలుగేళ్ళ క్రితం వానలో మా గేటు కింద నుంచి దూరింది, ఇక వెళ్ళలేదు. రంగు చూసి ఆ పేరు పెట్టింది మా అత్తయ్య. బరువు 14 కిలోలు. ఆవిడ కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని తన వాటా వసూలు చేసుకుంటుంది. క్యారెట్ ముక్క, సొరకాయ ముక్క, అప్పుడప్పుడు రెండు కిస్‌మిస్‌లు. "డ్రైఫ్రూట్స్ బలం కదమ్మా" అనేది అత్తయ్య. నేనూ కాదనలేదు. బజారు బిస్కెట్ల కన్నా నయమే అనుకున్నాను.

కార్తీక మాసంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదంలో వేయగా మిగిలిన కిస్‌మిస్ కవరు వంటగట్టు చివర ఉండిపోయింది. రాత్రి గిన్నెలు సర్దుతుంటే ఖాళీ కవరు నేల మీద కనిపించింది. ఎవరో డబ్బాలో పోసుంటారనుకుని చెత్తబుట్టలో పడేశాను. డబ్బా మూత తీసి చూసినా సరిపోయేది.

తెల్లవారుజామున నాలుగింటికి వాంతి. లైటు వేసి చూస్తే, ఎండిపోయిన కిస్‌మిస్‌లు నాని ఉబ్బి మళ్ళీ ద్రాక్షపళ్ళలా ఉన్నాయి. "కక్కేసింది కదా, తగ్గిపోతుందిలే" అన్నారు మావారు. నాకూ నిద్రమత్తు. పొద్దున్న పెరుగన్నం పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. మధ్యాహ్నానికి ఇంకో రెండు వాంతులు, ఈసారి పచ్చటి నురగ. అప్పుడు గానీ ఆటో పిలవలేదు.

డాక్టరుగారు ముందు కుక్కని చూడలేదు, నన్ను అడిగారు. "ఎప్పుడు తింది? ఎంత తింది?" పావుకిలో కవరులో సగం పైనే ప్రసాదంలోకి వాడేశాం. ఓ వంద గ్రాములు ఉంటాయన్నాను. ఆయన మొహం మారింది. తిన్న గంటా రెండు గంటల్లో తెచ్చుంటే వాంతి చేయించి విషం లోపలికి పోకుండా చూసేవాళ్ళట. ఇప్పుడిక కిడ్నీలని కాపాడుకోవడమే.

రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.9. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో ఇది పెరుగుతుంది. మామూలుగా ఒకటిన్నర లోపు ఉండాలి. సెలైన్ పెట్టారు. మర్నాడు 4.6. రాత్రి పదింటికి ఇంటికి తెచ్చుకోవడం, పొద్దున్న ఏడింటికి మళ్ళీ క్లినిక్‌కి. కాలికి కాన్యులా, దానిపైన కట్టు, కట్టు కొరక్కుండా మెడకి ప్లాస్టిక్ గొట్టం. ఆ గొట్టంతో గుమ్మాలన్నిటికీ గుద్దుకుంటూ తిరిగేది.

డాక్టరుగారు రోజూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఉచ్చ పోస్తోందా?" లోపలికి అంత నీరు ఎక్కిస్తూ ఉంటే బయటికి రావాలి కదా. అది ఆగిపోతే ఇక డయాలసిస్సే, చెన్నై వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీలో కుక్కలకి చేస్తారని చెప్పారు. విజయవాడ నుంచి చెన్నైకి ఏ బండి మాట్లాడాలా అని మావారు ఫోన్లు చేస్తుంటే, మూడో రోజు సాయంత్రం బూరె మెట్ల దగ్గర మా కొత్త చెప్పుల మీదే పోసేసింది. చప్పట్లు కొట్టాం. పక్కింటివాళ్ళు పిట్టగోడ మీంచి తొంగిచూశారు.

అప్పటిదాకా అత్తయ్య మాట్లాడలేదు. ఆ రాత్రి అడిగింది, "ఇన్నాళ్ళూ నేను పెట్టినప్పుడు ఏం కాలేదే?" అదే మాట నేను డాక్టరుగారిని అడిగాను. ద్రాక్షలో ఉండే టార్టారిక్ యాసిడ్ వల్లే ఇలా అవుతోందని ఇప్పుడు అనుకుంటున్నారట. 2021లో అమెరికాలో జంతువులకి విషం ఎక్కిన కేసులు చూసే డాక్టర్లు, వంటల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కకి కూడా ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు దెబ్బతినడం గమనించి ఆ సంగతి బయటపెట్టారు. ఆ యాసిడ్ అన్ని ద్రాక్షల్లో ఒకేలా ఉండదు. రకాన్ని బట్టి, పండిన తీరుని బట్టి మారుతుంది. అందుకే ఒక కుక్క గుత్తి తిన్నా తిరుగుతుంది, ఇంకోటి గుప్పెడుకే పడిపోతుంది. ఎంతవరకు ఫర్వాలేదో చెప్పే కొలత లేదు.

"చింతపండులోనూ అదే ఉంటుంది" అన్నారాయన తాపీగా. నాకు కాళ్ళలో వణుకు పుట్టింది. మిగిలిన పులిహోర మా ఇంట్లో ఎవరి గిన్నెలోకి వెళ్తుందో నాకు తెలుసు.

ఖర్జూరం, అంజీర్ మాటేమిటని కూడా అడిగాను. అవి విషం కావట కానీ పంచదార ఎక్కువ, విరేచనాలు పట్టుకుంటాయి, ఖర్జూరం గింజ పేగులో ఇరుక్కోవచ్చు. "దానికి అవసరమేమిటమ్మా?" అన్నారు. జవాబు దొరకలేదు.

అయిదో రోజుకి క్రియాటినిన్ 2.7కి దిగింది. ఎనిమిదో రోజు సెలైన్ ఆపారు. నెల రోజులు కిడ్నీ డైట్ తిండి. దాన్ని చూస్తే మొదట్లో నన్ను కరిచేలా చూసేది. మూడు వారాల తర్వాత క్రియాటినిన్ 1.5 వచ్చింది. అక్కడే నిలబడింది. మూడు నెలలకోసారి పరీక్ష చేయిస్తున్నాం.

క్రిస్మస్‌కి మా మరిది కొడుకు కిస్‌మిస్‌లు వేసిన ప్లమ్ కేకు ముక్క పట్టుకుని బూరె ముందు కూర్చున్నాడు. అత్తయ్య పీట మీంచి లేచి పరుగెత్తింది. ఆవిడకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, లేవాలంటే నా చెయ్యి కావాలి. ఆ రోజు అడగలేదు.