నాలుగు లోపాలు, నాలుగో స్థానం

2018 ఫిబ్రవరిలో మా తమ్ముడు ఫోన్ పట్టుకొచ్చి, "అక్కా, ఇతనికీ నీ జబ్బేనట. మూడో ఒలింపిక్ బంగారం కొట్టాడు, చూడు" అన్నాడు. తెరమీద షాన్ వైట్, మంచుమీద పలకపై జారే ఆట స్నోబోర్డింగ్‌లో అమెరికా ఆటగాడు. నేను అప్పుడే మెట్లెక్కి వచ్చి తలుపు పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాను. తమ్ముణ్ని తిట్టే ఓపిక కూడా లేదు.

వైట్, నేను 1986లోనే పుట్టాం. ఇద్దరికీ పుట్టుకతోనే టెట్రాలజీ ఆఫ్ ఫాలో. గుండెలో నాలుగు లోపాలు ఒకేసారి రావడం: కింది గదుల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకుగా ఉండటం, బృహద్ధమని ఆ రంధ్రం మీదికి జరిగి ఉండటం, కుడి గది కండరం మందం కావడం. చిన్నప్పుడు నాలుగడుగులు పరుగెడితే నా పెదాలు నీలంగా మారేవి. వెంటనే గొంతుక్కూర్చునేదాన్ని. అలా కూర్చుంటే కాళ్ల రక్తనాళాలు నొక్కుకుని, ఊపిరితిత్తుల వైపు కాస్త ఎక్కువ రక్తం వెళ్తుందట. అది నాకెవరూ నేర్పలేదు. అమ్మ మాత్రం ఎప్పుడూ ఒకటే పాట: "పరుగెత్తకే."

వైట్‌కి ఏడాది నిండకముందే రెండు ఓపెన్ హార్ట్ ఆపరేషన్లు అయ్యాయి. నాకు నాలుగేళ్లప్పుడు ఒకటి. ఆ తర్వాత అతను మంచుమీదికి వెళ్లాడు, నేను బడికి వెళ్లాను. ఇంట్లో అందరం జబ్బు పోయిందనే అనుకున్నాం. పదహారేళ్లపాటు గుండె డాక్టర్ ముఖం చూడలేదు. ఆయాసం వస్తే బరువు పెరిగాను అనుకున్నాను. ఒలింపిక్స్ గెలిచినవాడికే ఏమీ కాలేదు, నాకేమవుతుంది అని కూడా అనుకున్నాను. తమ్ముడి మాటలో నేను పట్టుకున్నది అదొక్కటే.

2021 చివర్లో ఒక రాత్రి గుండె దడ ఆగలేదు. ఎంఆర్ఐ చూసి డాక్టర్ అన్నారు: "అప్పుడు చేసింది రిపేరు తల్లీ. జబ్బు పోలేదు." ఇరుకు దారి వెడల్పు చేసినప్పుడు అక్కడి వాల్వ్ సరిగ్గా మూసుకోకుండా పోయింది. ఊపిరితిత్తులకు పంపిన రక్తంలో కొంత ప్రతిసారీ వెనక్కి కారుతోంది. అన్నేళ్లు ఆ భారం మోసి కుడి గది సాగిపోయింది. నాకు డాక్టర్ మీద కాదు, నా మీదే కోపం వచ్చింది.

జనవరిలో ఛాతీ మళ్లీ తెరిచి, జంతు కణజాలంతో చేసిన వాల్వ్ పెట్టారు. ఆపరేషన్ సంగతి నాకు తెలియదు, తర్వాతి దగ్గు తెలుసు. దగ్గు వస్తుందంటే దిండును గట్టిగా కావలించుకోవాలి, లేకపోతే ఎముక విడిపోయినట్టే ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాలో మూడు బంతులు, ఊపిరి పీల్చి లేపాలి. మొదటి రోజు ఒక్కటి వణికి ఊరుకుంది. చేతులు పైకెత్తకూడదు, పక్కకు తిరిగి పడుకోకూడదు. జడ అమ్మ వేసేది.

ఫిబ్రవరి 11న బీజింగ్ ఒలింపిక్స్‌లో వైట్ ఆడే హాఫ్‌పైప్ ఫైనల్. సగానికి కోసిన గొట్టంలాంటి మంచు కాలువలో, అటూ ఇటూ గోడల మీంచి ఎగురుతూ చేసే పోటీ. దిండు పట్టుకునే చూశాను. ఆ గోడలు 22 అడుగుల ఎత్తు. వైట్ 2017లో న్యూజిలాండ్‌లో ప్రాక్టీస్ చేస్తూ పడి, ముఖానికి 62 కుట్లు వేయించుకుని, కొన్ని నెలలకే 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో చివరి రన్‌లో 97.75 పాయింట్లు తెచ్చి జపాన్ ఆటగాడు అయుము హిరానోను దాటినవాడు. ఈసారి మూడో రన్‌లో పడిపోయాడు. లేచి, హెల్మెట్ తీసి, నెమ్మదిగా కిందికి జారుతూ జనానికి చెయ్యి ఊపాడు. హిరానోకి 96, బంగారం. వైట్‌కి 85, నాలుగో స్థానం. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అయితే కుట్లు లాగుతాయని జాగ్రత్తగా ఏడ్చాను. నిజం చెప్పాలంటే మూడు బంగారాలు చూసినప్పుడు అతను నాకేమీ కాలేదు. పడి లేచి మెల్లగా జారుతున్నప్పుడు మాత్రం బాగా తెలిసినవాడిలా అనిపించాడు.

తమ్ముడు ఫోన్ చేసి, "పాపం, ఓడిపోయాడక్కా" అన్నాడు. ఆ సాయంత్రం వరండాలో ఆరు నిమిషాలు నడిచాను. ముందురోజు అయిదే. అమ్మ వెనకే వచ్చింది, "మెల్లగా, మెల్లగా" అంటూ.

ఈ వాల్వ్ కూడా పదీ పదిహేనేళ్లకు అరిగిపోవచ్చట. ఏటా ఎకో, అంటే గుండె స్కాన్, తీయించుకోవాలి. ఆ తారీఖు నా ఫోన్‌లోనే కాదు, తమ్ముడి ఫోన్‌లో కూడా పెట్టించాను. వాడు దానికి అలారం పేరు 'హాఫ్‌పైప్' అని పెట్టుకున్నాడు.