టీ దగ్గర పరిచయం చేసే మనిషి

మా నాన్నకి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఎస్టీడీ బూత్ ఉండేది. తొంభైల నాటి సంగతి. ఒక అద్దాల గది, లోపల స్టూలు, తిరిగీ తిరగనట్టుండే చిన్న ఫ్యాను, ఎర్ర అంకెల మీటరు. రాత్రి పదకొండు దాటితే పావు రేటు కాబట్టి పదిన్నరకే బయట బెంచీ నిండిపోయేది. హైదరాబాద్‌లో మేస్త్రీ పనికెళ్ళిన కొడుకుతో మాట్లాడాలని బొండపల్లి వైపు నుంచి ఒకావిడ నెలకోసారి వచ్చేది, అక్కడ ఆ అబ్బాయి సైటు పక్క బూత్‌లో కాచుకుని కూర్చునేవాడు, ఇక్కడ ఈవిడ మాట్లాడేసి, ఇంటికెళ్ళే బస్సు ఎలాగూ ఉండదు కాబట్టి మా అరుగు మీదే పడుకుని తెల్లవారగానే వెళ్ళిపోయేది. పక్క కొట్లో రెండు రూపాయల పేపరు ఏనాడూ కొనలేదు. "తిన్నావేటి? జొరం తగ్గిందేటి?" అని అడగడానికి మాత్రం ముప్పై రూపాయలు కట్టేది.

దీని మీద ఒక గణితవేత్త పెద్ద రీసెర్చి పేపరే రాశాడని నాకు పాతికేళ్ళ తర్వాత తెలిసింది. అక్కడికి కొంచెం చుట్టుతిరిగి వస్తాను, కోప్పడకండి.

నేను ఇప్పుడు ఇదే ఊళ్ళో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. పార్ట్ టైం పీహెచ్‌డీ ఒకటి ఆరేళ్ళుగా నడుస్తోంది (నడుస్తోంది అంటే ఉన్నచోటే నిలబడి ఉందని). టాపిక్ లాటిస్ క్రిప్టోగ్రఫీ, క్రిప్టోగ్రఫీ అంటే సందేశాలకి తాళం వేసే విద్య. లాటిస్ అంటే భయపడాల్సిందేమీ లేదు. భోగాపురం వైపు కొబ్బరితోటల్లో చెట్లు వరుసలు తీర్చి నాటి ఉంటాయి కదా, అలా క్రమంగా పరుచుకున్న చుక్కలు. పక్క చెట్టుకి ఒక అడుగు, పై వరుసకి ఒక అడుగు చెబితే తోట మొత్తం తెలిసిపోతుంది. అలా కాకుండా ఎక్కడెక్కడికో పోయే రెండు పొడుగాటి ఏటవాలు గెంతులు చెప్పాననుకోండి, తోట అదే, కానీ దగ్గర్లో ఉన్న చెట్టేదో కనుక్కోవడానికి తల తిరుగుతుంది. రెండు దిక్కులైతే కాగితం మీద గీసుకుని చూడొచ్చు, ఐదువందల దిక్కులున్న తోట అయితే ఎలా గీస్తాం? పొడుగాటి గెంతుల్ని చాలావరకు పొట్టి అడుగులుగా మార్చే పద్ధతిని 1982లో లెన్‌స్ట్రా అన్నదమ్ములిద్దరూ, లోవాస్ అనే ఆయనా కలిసి ప్రచురించారు. ముగ్గురి పేర్లూ ఎల్‌తోనే మొదలు కాబట్టి దాన్ని ఎల్ఎల్ఎల్ అంటాం.

దీని గురించి చదువుతుంటే ఎటు తిరిగినా ఒకే పేరు తగిలేది. ఆండ్రూ ఒడ్లిజ్కో. పోలండ్‌లో పుట్టి, 1975లో ఎంఐటీలో పీహెచ్‌డీ చేసి, పాతికేళ్ళపైన బెల్ ల్యాబ్స్, ఏటీ అండ్ టీ ల్యాబ్స్‌లో ఉండి, తర్వాత మిన్నెసోటా యూనివర్సిటీకి వెళ్ళాడు. ఒకదానికొకటి పొంతనలేని ఇన్ని విషయాల మీద రాశాడు కాబట్టి మొదట ఒకే పేరుతో ముగ్గురు నలుగురు ఉన్నారేమో అనుకున్నాను.

ముందు సెక్యూరిటీ సంగతి. కిరాణా కొట్లో తూనికరాళ్ళు గుర్తుతెచ్చుకోండి: 50, 100, 200, 500 గ్రాములు, కిలో, ఒక్కోటి ఒక్కటే ఉందనుకుందాం. ఏ రాయి తీసుకున్నా దానికన్నా చిన్నవన్నీ కలిపిన బరువు కంటే అదే ఎక్కువ. అందుకే తక్కెడలో 750 గ్రాములున్నాయంటే ఏ రాళ్ళు పెట్టారో కొట్లో కుర్రాడు కూడా చెప్పేస్తాడు, 500, 200, 50. ఇప్పుడు ఆ రాళ్ళ బరువుల్ని ఒక రహస్య సంఖ్యతో హెచ్చవేసి, ఇంకో రహస్య సంఖ్యతో భాగించి, శేషాలు మాత్రం బయట పెడితే? చూసేవాళ్ళకి అవి అడ్డదిడ్డమైన బరువులు, మొత్తం చెప్పినా ఏవేవి పెట్టారో తేల్చలేరు. రహస్యం తెలిసినవాడికి మాత్రం మళ్ళీ కిరాణా రాళ్ళే. 1978లో మెర్కిల్, హెల్‌మన్ ప్రచురించిన గుప్తలిపి ఇదే. దీన్ని బద్దలుకొడితే వంద డాలర్లిస్తానని మెర్కిల్ పందెం కాశాడు, 1982లో షమీర్ కొట్టేశాడు. ఇదే ముసుగు పొరమీద పొర వేస్తే ఎవడూ తీయలేడని వెయ్యి డాలర్లు పెడితే, 1984లో బ్రికెల్ అవీ పట్టుకుపోయాడు. ఒడ్లిజ్కో, లగారియస్ కలిసి ఇంకో అడుగు ముందుకేశారు: వెనక ఏ కిరాణా రహస్యమూ లేకపోయినా సరే, రాళ్ళ బరువులు మరీ పెద్ద పెద్ద సంఖ్యలైతే ఆ లెక్కని కొబ్బరితోట లెక్కగా మార్చి, చాలాసార్లు ఎల్ఎల్ఎల్‌తో విప్పేయొచ్చని చూపించారు.

నాకు దీనికన్నా ముచ్చటేసింది మెర్టెన్స్ కథ. 1897లో మెర్టెన్స్ అనే గణితవేత్త పదివేల దాకా చేత్తో లెక్కవేసి, ప్రధాన సంఖ్యలకి సంబంధించిన ఒక మొత్తం, ఏ సంఖ్య దాకా లెక్కించినా ఆ సంఖ్య వర్గమూలాన్ని దాటదని ఊహించాడు. అదే నిజమైతే, ఈనాటికీ ఎవరూ తేల్చలేని రీమన్ ఊహ కూడా నిజమైపోతుంది, అంటే ఆశ ఎంత పెద్దదో చూడండి. కంప్యూటర్లొచ్చాక కోట్ల దాకా చూశారు, ఎక్కడా తప్పలేదు. 1985లో ఒడ్లిజ్కో, టె రీలె కలిసి అది తప్పని నిరూపించారు, అదీ ఎల్ఎల్ఎల్ సాయంతోనే! తాళాలు పగలగొట్టిన గునపంతోనే తొంభయ్యేళ్ళ నమ్మకాన్నీ పెకలించారన్నమాట. తమాషా ఏమిటంటే ఏ సంఖ్య దగ్గర తప్పుతుందో ఈనాటికీ ఎవరికీ తెలియదు, ఎక్కడో తప్పి తీరుతుందని మాత్రం తెలుసు. ఈ మాట క్లాసులో చెబితే ఒక పిల్ల లేచి "మరి తప్పు చూపించకుండా తప్పని ఎలా అంటారు సార్?" అంది. మంచి ప్రశ్న. ఆ గంటంతా దానికే పోయింది, సిలబస్ మిగిలిపోయింది.

ఇక అసలు కథ. ప్రధాన సంఖ్యలు ఎలా పరుచుకున్నాయో రీమన్ జీటా ఫంక్షన్ సున్నాలు, అంటే ఆ ఫంక్షన్ విలువ సున్నా అయ్యే చోట్లు, చెబుతాయి. ఆ సున్నాల మధ్య ఖాళీలు ఎలా ఉంటాయని హ్యూ మాంట్‌గోమరీ అనే కుర్రాడు పనిచేస్తున్నాడు. 1972లో ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీకి వెళ్ళి, మధ్యాహ్నం టీ దగ్గర ఒక భారతీయ పెద్దాయనతో మాట్లాడుతున్నాడు. గదికి ఆ చివర ఫ్రీమన్ డైసన్, పేరు మోసిన భౌతిక శాస్త్రవేత్త. ఆయన్ని కలిశావా అని పెద్దాయన అడిగాడు. లేదన్నాడు. పరిచయం చేస్తాను రా అన్నాడు. ఎందుకులెండి, ఆయనకెందుకు ఇబ్బంది అని కుర్రాడి మొహమాటం. పెద్దాయన వింటేనా, పట్టుకుపోయి ఎదురుగా నిలబెట్టాడు. ఏం చేస్తున్నావని డైసన్ మర్యాదకి అడిగాడు, మాంట్‌గోమరీ తన సూత్రం చెప్పాడు, డైసన్ ఉలిక్కిపడ్డాడు. బరువైన పరమాణు కేంద్రకాల శక్తి స్థాయిల మధ్య ఖాళీల కోసం భౌతికవాళ్ళు వాడే యాదృచ్ఛిక మాత్రికల్లో (చీటీలు తీసినట్టు అంకెలు నింపిన పట్టికలు) అచ్చం అదే సూత్రం ఉంది! యురేనియం కేంద్రకానికీ 2, 3, 5, 7కీ ఏం చుట్టరికమో ఈ రోజుకీ పూర్తిగా తేలలేదు. 1980ల్లో ఒడ్లిజ్కో బెల్ ల్యాబ్స్ క్రే సూపర్ కంప్యూటర్ మీద లక్ష కోట్లవ సున్నా దగ్గర మొదలుపెట్టి వరసగా లక్ష సున్నాలు లెక్కించి బొమ్మ గీస్తే, చుక్కలు భౌతికవాళ్ళ గీత మీద వచ్చి కూర్చున్నాయి.

ఆ పెద్దాయన పేరు సర్వదమన్ చావ్లా. లండన్‌లో పుట్టాడు, కేంబ్రిడ్జిలో లిటిల్‌వుడ్ దగ్గర పీహెచ్‌డీ. 1933 నుంచి 1936 దాకా ఎక్కడున్నాడో తెలుసా? వాల్తేరులో! మన ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో పాఠాలు చెప్పాడు, అప్పుడు వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. తర్వాత లాహోరు, దేశవిభజనతో అమెరికా. పలాస ప్యాసింజర్‌లో గంటన్నర దూరంలో, నేను రీసెర్చి పనులకి ఎన్నోసార్లు తిరిగిన ఆ కొండ మీద ఆ మనిషి నడిచాడని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆవిడ టెన్షన్ పడిపోయి "జీతం ఆగిందా?" అని అడిగింది.

ఇప్పుడు ఎస్టీడీ బూత్. 2001లో ఒడ్లిజ్కో ఒక పేపర్ రాశాడు, కంటెంట్ రాజు కాదు అని దాని పేరే. అప్పట్లో సినిమాలూ వార్తలూ పాటలూ ఇంటర్నెట్‌లో అమ్ముకుంటేనే డబ్బని కంపెనీలన్నీ నమ్మాయి. ఈయన పాత లెక్కలు తిరగేసి, మనుషులు ఎప్పుడూ ఎక్కువ డబ్బు పెట్టింది ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడానికే అన్నాడు. 1832లో అమెరికా తపాలా సంచుల బరువులో 95 శాతం దాకా వార్తాపత్రికలే, ఆదాయంలో మాత్రం వాటి వాటా 15 శాతం మించదు, మిగతాదంతా ఉత్తరాలు మోసినదే. 1893లో బుడాపెస్ట్‌లో ఫోన్ తీగ మీద వార్తలూ సంగీతమూ వినిపించే సర్వీసు పెట్టారు, కానీ ప్రపంచంలో ఫోన్ నిలబడింది కబుర్ల మీద. ఇంటర్నెట్ ట్రాఫిక్ వంద రోజులకోసారి రెట్టింపవుతోందని తొంభైల చివర్లో అందరూ ఊదరగొడుతుంటే, కాఫ్‌మన్‌తో కలిసి లెక్క తీసి, ఏడాదికోసారే బాబూ అని చెప్పిందీ ఈయనే. ఎవరూ వినలేదు, తీగలు వేసుకుంటూ పోయి చాలా కంపెనీలు మునిగాయి.

బొండపల్లి ఆవిడ వింటే "ఇదీ ఒక సదువేనేటి" అనేది.

మా బోటివాళ్ళ రీసెర్చిలో కూడా ఇదే గొడవ అని నా అనుమానం. మాకు లేనిది కంటెంట్ అని అందరూ అనుకుంటారు. 2024 నవంబరులో కేంద్రం, రీసెర్చి జర్నళ్ళు చదువుకోవడానికి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని 6,000 కోట్లతో మూడేళ్ళకి పథకం ఒప్పుకుంది, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్ళు, కాకపోతే ప్రభుత్వ సంస్థలకి. మా ప్రైవేటు కాలేజీ ఆ గీతకి బయట. మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే, నా సబ్జెక్టులో పేపర్లు చాలా ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైటులో ఊరికే దొరుకుతాయి, 1991 నుంచీ నడుస్తోంది, పాయింకరే ఊహ అనే పేరుమోసిన లెక్కకి పెరెల్మాన్ అనే గణితవేత్త 2002, 2003ల్లో నిరూపణ పెట్టిందీ అక్కడే. ఒడ్లిజ్కో అయితే పాతకాలపు జర్నళ్ళ రోజులు దగ్గరపడ్డాయని తొంభైల మధ్యలోనే రాశాడు, తన పేపర్లన్నీ అందరికీ తెరిచి పెట్టాడు. చదవడానికి ఏం తక్కువ? చదివింది చెప్పుకోవడానికి మనిషి తక్కువ. మూడేళ్ళ క్రితం ప్రమోషన్ కోసం ఒక జర్నల్‌కి ఆరువేలు కట్టి పేపర్ వేయించుకున్నాను, నాలుగో రోజుకే ఒప్పుకున్నామని ఉత్తరం వచ్చింది, రెండో పేజీలో నేనే గుర్తు తప్పు రాశాను, ప్లస్ బదులు మైనస్. రివ్యూ చేశామన్నవాళ్ళు చూడలేదు, అచ్చయ్యాక చదివినవాళ్ళు లేరు. సిగ్గేసి ఇప్పటికీ ఆ పేపర్ పేరు ఎవరికీ చెప్పను.

మా స్టాఫ్ రూమూ ఫిజిక్స్ వాళ్ళదీ ఎదురెదురే. పదకొండేళ్ళలో ఫిజిక్స్ మాస్టారితో నేను మాట్లాడింది ఇన్విజిలేషన్ డ్యూటీల గురించే. చావ్లా కథ చదివిన వారం, మొహమాటం పక్కనపెట్టి రెండు టీలు తెప్పించుకుని వెళ్ళి కూర్చున్నాను. యాదృచ్ఛిక మాత్రికలు అనగానే ఆయన కప్పు కింద పెట్టి, "మాస్టారూ, మీకు మెక్సికో బస్సుల సంగతి తెలుసా?" అన్నారు. తెలియదు. క్వెర్నవాకా అనే ఊళ్ళో బస్సు డ్రైవర్లు దారిలో మనుషులకి డబ్బులిచ్చి, ముందు బస్సు వెళ్ళి ఎంతసేపైందో కనుక్కుని దాన్నిబట్టి వేగం సర్దుకునేవారట, క్రబాలెక్, షెబా అనే ఇద్దరు ఆ బస్సుల మధ్య ఖాళీలు కొలిస్తే మళ్ళీ అదే గీత వచ్చిందట, 2000లో అచ్చయింది. నాకు వెంటనే మన గంటస్తంభం దగ్గర సర్వీసు ఆటోలు గుర్తొచ్చాయి. "ముందు బండి ఎల్లి ఎంతసేపయింది?" అని అడగకుండా ఏ ఆటో అయినా కదులుతుందా?

అంతే, పోయిన శనివారం ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని కంటోన్మెంట్ రూటు వైపు నిలబడి, ఫోన్లలో స్టాప్‌వాచ్ పెట్టి, మూడు గంటల్లో 212 ఖాళీలు రాసుకున్నాం. ఇష్టమొచ్చినట్టు వచ్చే బళ్ళైతే చిన్న ఖాళీలే ఎక్కువ ఉండాలి, మా బొమ్మలో అవి బాగా తక్కువ, ఆశగానే ఉంది. కానీ ఎడమ చివర ఒక గడి మాత్రం పైకి లేచింది, రెండు ఆటోలు జంటగా వెళ్ళిన కేసులు. అన్నదమ్ముల బళ్ళేమోనని ఒక పిల్లాడి సిద్ధాంతం, నా కోడ్‌లో తప్పని ఫిజిక్స్ మాస్టారి సిద్ధాంతం. ఈ శనివారం మళ్ళీ వెళ్తున్నాం. పోయినసారి ఒక డ్రైవరు మమ్మల్ని చాలాసేపు చూసి చూసి, "ఏటి బాబూ, బళ్ళు ఆపీడానికొచ్చారేటి?" అని అడిగాడు. మాస్టారు ఆయనకీ ఒక టీ చెప్పారు.