ఈ ఉక్కలో ఆ పట్టులంగానా?

అమెరికాలో పిల్లల్ని పెంచే మాలాంటి వాళ్ళకి పంచాంగం ఒక దారి, స్కూలు క్యాలెండర్ ఒక దారి. డిసెంబరు సెలవులకి ఇండియా వెళ్తే ధనుర్మాసం, సంక్రాంతి దాటేదాకా పెళ్ళి ముహూర్తాలుండవు. మాఘంలో ఊరంతా పెళ్ళిళ్ళే, కానీ పిల్లలకి అప్పుడు బడి. వైశాఖమూ అంతే, మా న్యూజెర్సీలో జూన్ మూడో వారం దాటితే కానీ సెలవులివ్వరు. ఇచ్చేసరికి చాలా ఏళ్ళు ఆషాఢం వచ్చేస్తుంది. మిగిలేది శ్రావణం ఒక్కటే. 2023లో దానికీ అధికమాసం, అంటే పెళ్ళిళ్ళు చేయని అదనపు నెల వచ్చి, నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలైంది. అప్పటికి అందరం తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటున్నాం.

కాబట్టి మా పిల్లలు ఇండియాలో చూసిన పెళ్ళిళ్ళు చాలావరకు వానాకాలపు ఉక్కపోతలోవి. ఇక్కడ చూసేవి వేసవి శనివారాలవి, ఎప్పుడైనా ఒక చలికాలపుది. మనం మాత్రం అన్నిటికీ బీరువాలోంచి ఒకే మూట తీస్తాం. కంచిపట్టు లంగా, జానెడు జరీ అంచు, వడ్డాణం, జడగంటలు.

ఎందుకలా చేస్తామో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఏడాదంతా లెగ్గింగ్స్‌లో తిరిగే పిల్ల ఆ ఒక్కరోజు ఫొటోల్లోనైనా తెలుగమ్మాయిలా కనపడాలని. ఇండియాలో ఉన్న మా ఆడపడుచు మాత్రం కూతురికి తేలికపాటి జార్జెట్ లంగా వేసి హాయిగా తీసుకొస్తుంది. ఆవిడ ఎవరికీ ఏమీ రుజువు చేసుకోనక్కర్లేదు మరి. మా పిల్లలు తాళి కట్టే వేళకి చెమటకాయలతో గోక్కుంటూ, ‘హోటల్‌కి ఎప్పుడెళ్దాం’ అంటుంటారు. ఇంటికొచ్చాక ‘నాకు ఇండియన్ బట్టలొద్దు’ అంటే, మన సంస్కృతి మీద గౌరవం లేదని మనం బాధపడతాం. పిల్లకి ఉక్కపోసింది, అంతే.

పెద్దవాళ్ళకి ఈ తెలివి ఉండేది. గుంటూరు ఎండలు నలభై రెండు, నలభై మూడు డిగ్రీలుంటే మా అమ్మమ్మ పగటి పెళ్ళికి సన్నంచు వెంకటగిరి నూలు చీరే కట్టేది. పట్టుచీర రాత్రి ముహూర్తానికే బయటికొచ్చేది. మగవాళ్ళు నూలు పంచె, కండువాతో సరిపెట్టుకునేవాళ్ళు. ‘పెళ్ళంటే బరువైన పట్టే’ అన్న నియమం మనం ఇక్కడికొచ్చాక గట్టిపరుచుకున్నదే అని నా అనుమానం.

ఇప్పుడు మా ఇంట్లో ముందు వెదర్ యాప్, తర్వాతే బీరువా. శ్రావణం పెళ్ళికి అమ్మాయికి మంగళగిరి నూలు లంగా, ఓణీ. జరీతో నేసే నిజాం అంచు ఉంటుంది కాబట్టి ఎవరూ ‘ఇదేంటి, ఇంట్లో బట్టలా’ అనరు. కాస్త ఘనంగా ఉండాలంటే గద్వాల్. ఒళ్ళంతా నూలు, అంచూ పైటచెంగూ పట్టు. పట్టే కావాలని పట్టుబట్టే బంధువులుంటే ఉప్పాడ పట్టు, ఎంత తేలికంటే కట్టుకున్నట్టే ఉండదు. లైనింగ్ మాత్రం నూలుదే వేయమని దర్జీకి రెండుసార్లు చెప్పాలి. లంగా చీలమండ పైకి ఉంటే వాన బురద అంటదు. సెంటు జరీ మీద కొడితే నల్లబడుతుంది, బట్టలు వేసుకోకముందే కొట్టుకోవాలి. తలంబ్రాల పసుపు ఎలాగూ పడుతుంది, లేత రంగులు ఆ పూటకి వద్దు. మావాడికి నూలు లాల్చీ, వెల్క్రో పంచె. పంచెకి జేబుంటే చాలు, వాడు ఏ పెళ్ళికైనా వస్తాడు.

పట్టుకి అసలైన కాలం ఇక్కడి జనవరి. బయట మంచు, హాల్లో హీటర్. కంచిపట్టు ఒంటికి ఎంత వెచ్చగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. లోపల థర్మల్స్, పైన పొడుగు కోటు. పార్కింగ్‌లో మంచు మీద చల్లిన ఉప్పు కరిగి అంచుకి అంటితే మరక పోవడం కష్టం. అందుకని కుచ్చిళ్ళు పైకెత్తి పిన్ను పెట్టి, బూట్లతో తలుపు దాకా నడిచి, లోపల చెప్పులు మార్చుకుంటాం. మండపం ఎక్కేటప్పుడు ఎలాగూ విప్పాలి, అందుకే సంచిలో ఉన్ని సాక్సులు. పంచెలోంచి కనపడకుండా మావాడికి తెల్ల థర్మల్సే కొనాలి. మంచులో ఫొటో తీద్దామని ఫొటోగ్రాఫర్ అంటే, కోట్లతోనే అని చెప్పేస్తాను.

రంగుల దగ్గర అసలు చర్చ మొదలవుతుంది. అమెరికన్ పెళ్ళికి అతిథులు తెలుపు వేసుకోరు, అది పెళ్ళికూతురిది. నలుపు హాయిగా వేసుకోవచ్చు. మన దగ్గర శుభకార్యానికి నలుపు వద్దంటారు. ఇదంతా చెప్తుంటే మా అమ్మాయి, ‘మధుపర్కాలూ తెలుపే కదమ్మా, తమ్ముడి పంచె కూడా తెలుపే, మరి నాకెందుకొద్దు?’ అంది. ఆడవాళ్ళ తెల్లబట్టని వైధవ్యంతో ముడిపెట్టారని దాచకుండా చెప్పాను. ఆ ముడి నాకు నచ్చదనీ చెప్పాను. తర్వాతి పెళ్ళికి అది బంగారు అంచున్న మీగడ రంగు లంగా ఎంచుకుంది. వాళ్ళ నాయనమ్మ ‘ఏంటే ఈ తెల్లబట్ట’ అంటే, ‘తెలుపు కాదు నాయనమ్మా, మీగడ’ అంది. ఆవిడ ఇంకేమీ అనలేదు, పూలు మాత్రం రెట్టింపు పెట్టింది.

పక్కింటివాళ్ళ అమ్మాయి పెళ్ళి అక్టోబరులో, ద్రాక్షతోట పక్కన పచ్చిక మీద జరిగింది. చీర కట్టుకుని రావచ్చా అని వాళ్ళమ్మని ముందే అడిగాను. సంబరపడింది. అయినా పెళ్ళికూతురి కంటే మెరవకూడదని నగలు తగ్గించాను. పచ్చికలో హీల్స్ దిగబడతాయి, చెప్పులే నయం. పొద్దు వాలాక చలి, శాలువా ఉండాలి. మా అమ్మాయి పోచంపల్లి ఇక్కత్‌తో ఫ్రాక్ కుట్టించుకుంది, బొమ్మ తనే గీసి వాట్సాప్‌లో దర్జీకి పంపింది. ఆ రోజు దాన్ని ఎవరూ బతిమాలలేదు.

2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. నిజ జ్యేష్ఠం ఆ తర్వాత మొదలవుతుంది కాబట్టి సెలవులిచ్చాక కూడా పెళ్ళిళ్ళు దొరకొచ్చు. మా అన్నయ్య వాళ్ళు ఆ నెలలోనే ముహూర్తం చూస్తున్నారు. ఎండా కావచ్చు, తొలకరి వానా కావచ్చు, రెంటికీ పనికొచ్చేది మళ్ళీ మంగళగిరే. అమ్మాయి పొడవు నెలనెలా మారుతోంది, కొలతలు మే చివరిదాకా పంపనన్నాను. గుంటూరులో దర్జీ ఇప్పటినుంచే విసుక్కుంటున్నాడు.