తిప్పి పెట్టిన క్లిప్పులు

చిన్నోడు పడుకున్నాడు, మా ఆయన ముందుగదిలో మ్యాచ్ చూస్తున్నారు, నాకేమో సాయంత్రం నుంచి ఆ పబ్బులో బీరు పంపులే కళ్ళ ముందు తిరుగుతున్నాయి. రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

మంగళవారం సెలవు దొరికింది కదా, ఇంగ్లండ్‌లోని ఈ డెర్బీషైర్ పబ్బుల్లో ఇంకొకటి చూసొద్దామని ఒక్కదాన్నే బయల్దేరాను. మా ఆయనకి మోకాలు సహకరించదు. డెర్బీలో మ్యాట్‌లాక్ రైలెక్కి, మధ్యలో దిగి, బస్సు కోసం వానలో నిలబడి, ఆ ఊరు చేరేసరికి నాలుగైంది, అప్పుడే తలుపు తీస్తున్నారు. లోపల పీపా నుంచి బీరు లాగే చేతి పంపులు మూడు. రెండింటికి క్లిప్పులు వెనక్కి తిప్పి ఉన్నాయి. పంపు పిడికి బీరు పేరున్న బిళ్ళ తగిలిస్తారు కదా, అది అటు తిరిగి ఉందంటే ఆ బీరు లేదన్నమాట. లేనివాటిలో ఒకటి జైపూర్. బేక్‌వెల్ థార్న్‌బ్రిడ్జ్ బ్రూవరీ వాళ్ళు 2005 నుంచి చేస్తున్న ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు రకం బీరు), ఆల్కహాల్ 5.9 శాతం. సీసాలో ఎక్కడైనా దొరుకుతుంది గానీ పీపా నుంచి పంపు కొట్టి పోసిన జైపూర్ రుచే వేరు. నేను అంత దూరం వెళ్ళింది దానికోసమే.

"మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అని అడిగితే, "శుక్రవారం దాకా కొత్త పీపా తెరవను" అన్నాడు పబ్ ఆయన, గ్లాసు తుడుస్తూనే. అంతే. అయ్యో అన్న మాట కూడా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. బయట బోర్డు మీద మూడు పేర్లూ సుద్దతో అంత చక్కగా రాసి పెట్టారు, అయిపోయినవి చెరపడానికి ఎంతసేపు పడుతుంది? ఎవరో రెండు బండ్లు మారి వస్తారని ఎందుకు తట్టదు? ఉన్న ఒక్కటీ బిట్టర్ అనే చేదు బీరు, అదే అర పైంటు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. అది బాగానే ఉంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది, ఫ్రిజ్ చల్లదనం కాదు, సెల్లార్ చల్లదనం, మింగాక కూడా ఆ చేదు నాలుక మీద కాసేపు నిలిచింది. పక్క బల్ల పెద్దాయన కుక్క వచ్చి నా బూటు మీద తల పెట్టుకుని పడుకుంది. అయినా కోపం దిగలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయనమ్మ గుర్తొచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు తెలీలేదు. సూర్యాపేట దగ్గర మా ఊళ్ళో గౌడ్ తాత తెల్లారకముందే మోకు వేసుకుని తాటిచెట్టెక్కి లొట్టి దించేవాడు. నాయనమ్మకి పొద్దుటి కల్లే కావాలి. ఎండెక్కాక ఎవరు తెచ్చినా ముట్టేది కాదు. తాటాకు రేక రెండు చేతులా పట్టుకుని గొంతుక్కూర్చునేది, తాత పైనుంచి సన్నటి ధారగా పోస్తుంటే ఆపకుండా తాగేది, చీమ కనిపిస్తే వేలితో తోసేసేది. ఒకసారి దసరాకి ఇంటి నిండా చుట్టాలు. గౌడ్ తాతకి జ్వరం, వాళ్ళ అబ్బాయి వచ్చాడు. కల్లు సరిపోదని ముందురోజుది కలిపి తెచ్చాడు. నాయనమ్మ ఒక్క గుక్క నోట్లో పోసుకుని పక్కకి ఊసి, "ఏం రా, నిన్నటిది కలిపినవా? తీస్కపో" అంది, అంతమంది ముందు. పిల్లాడు తల వంచుకుని లొట్టి ఎత్తుకుపోయాడు. చుట్టాలంతా కల్లు లేకుండానే ముక్కల కూర తిన్నారు, మా పెద్ద మామయ్య ముఖం మాడ్చుకున్నాడు కూడా. చీకటి పడ్డాక గౌడ్ తాత దుప్పటి కప్పుకునే వచ్చాడు. "లేకుంటే లేదని చెప్పాలె గని, పాసిపోయింది పొయ్యొద్దని వానికి చెప్పిన పెద్దమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఇది టైప్ చేస్తుంటే, ఆ పబ్ ఆయన చేసిందీ అదే కదా అనిపిస్తోంది. పీపాలో బీరు కూడా కల్లులాగే బతికుంటుంది, లోపల ఈస్ట్ ఇంకా పని చేస్తూనే ఉంటుంది. మామూలుగా పబ్బులో వాడే చిన్న పీపాలో 72 పైంట్లు (పైంట్ అంటే అర లీటరు పైచిలుకు) పడతాయి. ఒకసారి తెరిచాక, పోస్తున్న కొద్దీ లోపలికి గాలి వెళ్తుంది, ఇక మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి, లేకపోతే పులుపు తిరుగుతుంది. గ్యాస్ ఎక్కించిన కెగ్ (మూసిన లోహపు డబ్బా) అయితే వారాల తరబడి ఏమీ కాదు. 1971లో నలుగురు కుర్రాళ్ళు ఇలాంటి పీపా బీరు కాపాడాలని కామ్రా అనే సంఘం పెట్టింది అన్ని పబ్బులూ ఆ కెగ్ దారి పడుతున్నాయనే. మంగళవారం నాడు ఆ ఊళ్ళో 72 పైంట్లు ఎవరు తాగుతారు? పాడైంది నాకు పొయ్యకుండా లేదని చెప్పాడు. సిటీలో ఒకచోట వెనిగర్ లాంటి పైంట్ ఇచ్చి, "దీని రుచే అంత" అని నన్నే తెలియనిదాన్ని చేశారు, దానికంటే ఈయన వెయ్యి రెట్లు నయం. (బోర్డు మాత్రం చెరపాల్సిందే, ఆ మాట మీద నేను తగ్గను.)

అసలు కోపం బస్సు మీద. పబ్ నాలుగింటికి తెరుస్తారు, చివరి బస్సు ఆరు లోపే. 2023లో టికెట్ 2 పౌండ్లకు మించకూడదన్నారు, 2025లో దాన్ని 3 చేశారు, అదీ చవకే, కానీ బస్సే లేకపోతే ఆ చవక ఎవరికి? కారులో వెళ్ళమంటారు. ఇక్కడ 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల దాకా చట్టం ఒప్పుకుంటుంది గానీ మా ఆయన స్టీరింగ్ పట్టుకునే రోజు చుక్క ముట్టరు, అదే సరైన పద్ధతి కూడా. ఆయన నిమ్మకాయ సోడా తాగుతూ నా వైపు చూస్తుంటే నాకు గుటక దిగదు. అందరి ఇళ్ళలోనూ ఇదే కదా. ఇంక మిగిలేది నడిచి రాగలిగే ఆ నలుగురే. వాళ్ళు ఎన్ని పైంట్లని తాగుతారు? జనం లేక పీపా తెరవడు, పీపా తెరవలేదని జనం రారు.

ఇదంతా చెప్తే ఆయన, "బ్రన్స్‌విక్‌కే వెళ్ళొచ్చు కదా, స్టేషన్ పక్కనే" అన్నారు. దాని మీదే రాత్రి అన్నాల దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. డెర్బీ స్టేషన్ దగ్గరి ఆ పబ్ నాకూ ఇష్టమే. 1840ల్లో రైల్వే వాళ్ళ కోసం కట్టింది, 1991లో వెనకే సొంత బ్రూవరీ పెట్టారు, వరసగా పంపులు, ఎప్పుడు వెళ్ళినా తాజాగా ఉంటుంది. ఎందుకుండదు, గుమ్మం దగ్గరే రైళ్ళు దింపుతుంటే! మేక్నీ ఊళ్ళో హాలీ బుష్ పబ్‌కి వెళ్ళినా అంతే, పెద్ద రోడ్డు దగ్గర్లోనే కాబట్టి బస్సు బెంగ లేదు. అందరం వీలైన చోటికే వెళ్తే వీలు కాని చోట్లు మూతపడతాయి, అది ఆయనకి ఎందుకు అర్థం కాదో.

శుక్రవారం నాకు లేట్ షిఫ్ట్. శనివారం వెళ్తాను, బస్సు ఊసే లేకుండా ఆంబర్‌గేట్ స్టేషన్ నుంచి పొలాల మీదుగా నడక. ఆంబర్‌గేట్ చుట్టుపక్కల కాలిదారుల్లో ఈ వారం ఎవరైనా తిరిగి ఉంటే బురద ఎంతుందో చెప్పండి, పాత బూట్లు సరిపోతాయో లేదో చూసుకోవాలి.