ఆపరేషన్ అయ్యాక మొదటి నాలుగడుగులు

అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన సాయంత్రమే నర్స్ వచ్చి లేచి నాలుగడుగులు వేయమ్మా అంటే నాకు చాలా కోపం వచ్చింది, కుట్లింకా పచ్చిగా ఉన్న మనిషిని ఇప్పుడే నడిపిస్తారా అని. ఆవిడే ఓపిగ్గా చెప్పింది, కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తుల దాకా వెళ్తే ప్రాణం మీదకొస్తుంది అని. ఊపిరి లోపలికి లాగితే బంతులు పైకి లేచే స్పైరోమీటర్ కూడా ఇచ్చారు, మెలకువగా ఉన్నంతసేపూ గంటకి 10 సార్లు.

దగ్గొస్తే దిండు పొట్టకి అదిమి పట్టుకోమన్నారు, చిన్న విషయమే గానీ అమ్మకి నిజంగా హాయినిచ్చింది అదే.

ఆపరేషన్ ముందు పేరేంటి, ఏం ఆపరేషన్ అని అందరూ మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కున్నా, అదంతా పొరపాటు జరక్కుండానేనట, 2008లో డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) తెచ్చిన చెక్‌లిస్ట్‌లో ఉన్నదే. జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా, పిక్క వాచినా ఆగకుండా వచ్చేయమని ఓ కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే అతికించుంది.